బావి చెట్టు

నూజివీడు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో, పొలంలోని పాత దిగుడుబావి పక్కన ఒక నాటు మామిడి చెట్టు ఉంది. దానికి రకం పేరంటూ ఏమీ లేదు. ఇంట్లో అందరం బావి చెట్టు అనే అంటాము. కాయ చిన్నది, పీచు ఎక్కువ, పండితే బజారులో అడిగేవారుండరు. అయితే దాని ఆవకాయ ఏడాది తిరిగినా ముక్క మెత్తబడదు. ఈ వేసవిలో మామయ్య ఆ చెట్టు తీసేసి నాలుగు బంగినపల్లి అంట్లు వేద్దామన్నప్పుడు, లెక్క ప్రకారం ఆయన మాట కాదనలేకపోయాను.

టెంకలు దాచుకుంటే సరిపోదా అని మా అబ్బాయి అడిగాడు. వరి గింజనైతే ఎండబెట్టి, సున్నాకు 18 డిగ్రీల దిగువన దశాబ్దాల పాటు నిల్వ చేయవచ్చు. మామిడి టెంకలోని జీడి మాత్రం ఎండితే చచ్చిపోతుంది. తడి ఆరకుండా కాపాడినా కొన్ని వారాలకు మించి మొలకెత్తే శక్తి నిలవదు. పైగా మన ప్రాంతపు రకాలలో చాలావాటికి టెంకలో ఒకే పిండం ఉంటుంది, అది పరపరాగ సంపర్కంతో, అంటే వేరే చెట్టు పుప్పొడి కలిసి, పుట్టినది కనుక, మొలిచిన మొక్క తల్లి పోలికలు పూర్తిగా పుణికిపుచ్చుకోదు. ఈ నిలకడలేనితనం వల్లనే మనకిన్ని రకాలు పుట్టాయి. టెంక నుంచి లేచిన చెట్లలో ఎక్కడో ఒకటి అమోఘమైన కాయ కాస్తే, ఎవరో రుచి చూసి, పేరు పెట్టి, అంటు కట్టి నిలిపారు. చెరుకు రసం, పండూరు మామిడి, కొత్తపల్లి కొబ్బరి, జలాలు, సువర్ణరేఖ వంటివన్నీ అలా మన దాకా వచ్చినవే.

మేలు చేసిన ఆ అంటు పద్ధతే కీడూ చేసింది. దేశంలో సుమారు వెయ్యి మామిడి రకాలున్నాయంటారు కానీ, పెద్ద ఎత్తున సాగయ్యేవి వేళ్లమీద లెక్కించదగినన్ని. నర్సరీకి వెళితే బంగినపల్లి, తోతాపురి అంట్లు వేలల్లో దొరుకుతాయి, జలాలు అడిగితే వెతికి చూస్తామంటారు. సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రంలో వందలాది రకాలను చెట్లుగానే పెంచి కాపాడుతున్నారు. విత్తనాన్ని నిల్వ చేయలేని పంటకు వేరే దారి లేదు. కానీ ఒక్కచోటే ఉన్న తోటకు తెగులో గాలివానో చాలు. 2014లో హుద్‌హుద్ తుఫాను ఉత్తరాంధ్ర తోటలను ఎలా నేలకూల్చిందో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అందుకే రైతుల పెరళ్లలోనూ ఈ చెట్లు మిగలాలి. అలా మిగలడానికి ఉపన్యాసాల కంటే ఊరగాయలే ఎక్కువ ఉపయోగపడతాయని నా నమ్మకం. కర్ణాటక మలెనాడులో వాగుల ఒడ్డున పెరిగే అప్పెమిడి అనే మామిడి చెట్ల నుంచి రైతులు అంట్లు కట్టుకుంటున్నది లేత పిందెల ఊరగాయ కోసమే కదా!

మామయ్యతో చివరికి ఒక ఒప్పందానికి వచ్చాము. జూలైలో బావి చెట్టు నుంచి పెన్సిలు లావు కొమ్మలు ఎంచి, ఆకులను తొడిమలు మిగిలేలా కత్తిరించి, మొగ్గలు ఉబ్బాక తీసి, ఐదు నాటు మొక్కల మీద చీలిక అంటు కట్టించాను. మూడు పట్టాయి. అవి కాపుకొచ్చేందుకు నాలుగైదేళ్లు పడుతుంది. అంతవరకు పాత చెట్టు జోలికి వెళ్లనని మామయ్య మాటిచ్చాడు. బంగినపల్లి అంట్లను గట్టుకు అవతల నాటుకున్నాడు.