పేరు తెలియని క్యాప్సూల్, ఒకటి

మా అమ్మాయి సైకిల్ రేసులో ఫినిష్ లైన్ దాటి ఇంకా సైకిల్ దిగనే లేదు, ఒకావిడ కాగితం పట్టుకుని పక్కకొచ్చి నిలబడింది. డోపింగ్ టెస్టు, అంటే నిషేధించిన మందులేమైనా వాడారేమో చూసే పరీక్ష. అక్కణ్ణుంచి అమ్మాయి ఎటు కదిలితే ఆవిడా అటే. గెలిచిందీ లేదు, పదకొండో స్థానం. లాటరీ తీసినట్టు పేరు వచ్చిందట.

పదిహేడేళ్లే కాబట్టి తోడుగా పెద్దవాళ్లు ఒకరు ఉండొచ్చన్నారు. మూత్రం కనీసం 90 మిల్లీలీటర్లు కావాలి. ఒంట్లో నీళ్లన్నీ చెమటగా పోయిన పిల్లకి అదేం తేలిక కాదు, గంటన్నర కూర్చున్నాం. శాంపిల్ ఇస్తుంటే ఒక మహిళా అధికారి కళ్లారా చూడాలి. నేను గమనించాల్సింది మాత్రం పిల్లని కాదు, ఆ అధికారిని. ఈ ఏర్పాటు నాకు నచ్చింది. ఎ, బి సీసాల్లో పోసి మూత బిగించింది కూడా అమ్మాయే.

అసలు సంగతి ఫారం దగ్గర బయటపడింది. గత ఏడు రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు రాయాలి. ఐరన్ మాత్ర రాసింది, ప్రోటీన్ పౌడర్ రాసింది. పెన్ను ఆగింది.

"అమ్మా, పొద్దున అన్న ఇచ్చిన క్యాప్సూల్ కూడా రాయాలా?"

అన్న అంటే టీమ్‌లో మసాజ్ చేసే ఆయన. పిల్లలకి చాలా ఇష్టం. కాళ్లు బరువుగా ఉన్నాయంటే జేబులోంచి తీసి ఇచ్చాడట. "పేరు తెలియని క్యాప్సూల్, ఒకటి" అని రాయించాను. నా చేతులు వణికాయి.

డోపింగ్ అంటే నాకు 2012లో సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పోగొట్టుకున్న ఏడు టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లు, మూసిన గదులు, సిరంజిలు. ఇలా ప్రేమగా, జేబులోంచి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

మర్నాడు ఆయన్నే అడిగాను. "కెఫీనే అక్కా, అందరికీ ఇస్తా." కెఫీన్ నిషేధం కాదు, నిజమే. కానీ డబ్బా ఏదంటే చూపించలేదు. కోచ్‌గారైతే "ఎందుకండీ ఇంత పెద్దది చేస్తారు" అన్నారు.

ఆ రాత్రి నియమాలు చదివాను. ఒంట్లో దొరికినదానికి బాధ్యత క్రీడాకారిణిదే. "నాకు తెలీదు" అంటే, పైగా చిన్నపిల్లంటే, శిక్ష తగ్గొచ్చేమో గానీ ఆ కేసు కేసే. నిషేధ జాబితా ఏటా జనవరి 1న కొత్తగా అమల్లోకొస్తుంది. ట్రామడాల్ అనే నొప్పి మందు సైక్లింగ్‌లో 2019 దాకా చెల్లింది, ఆ మార్చి నుంచి పోటీల్లో వాడకూడదు. పైగా తల్లిదండ్రులూ ఆ నియమాల కిందికే వస్తారు. ఆ క్యాప్సూల్ నేనే ఇచ్చి, అందులో నిషేధించినదేదైనా ఉంటే నా మీదా కేసే.

టెస్టులో నిషేధించినదేదీ దొరకలేదు. నేను మాత్రం జూనియర్లకి ఎవరేం ఇచ్చినా ముందు ఇంట్లో చెప్పాలని టీమ్‌ని రాతపూర్వకంగా అడిగాను. జవాబు లేదు. టీమ్ మార్చేశాం.

అంతా అయిపోయిందనుకుంటుండగా ఇంకో అబ్బాయి వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఆ రోజు వాడికీ టెస్టు జరిగింది. క్యాప్సూల్ సంగతి ఫారంలో రాయలేదు.

"రాయొద్దని అన్నే చెప్పాడట అండీ."

ఫిర్యాదు ఇద్దరం కలిసి రాశాం.