పక్కన కూర్చోవడం

ఆదివారం. పదింటికే కావలి ఎండ చురుక్కుమంటోందని బయటి పనులన్నీ సాయంత్రానికి నెట్టేసి ఇంట్లోనే ఉన్నా. పాప పోటీ పరీక్షకి ఇంగ్లీషు మాటలు బట్టీ కొడుతూ, "నాన్నా, అసిడ్యువస్‌లీ అంటే?" అంది. పట్టుదలగా అని చెప్పేశా. "టెనేషియస్‌లీకీ అదే చెప్పావుగా!" అని దొరకబుచ్చుకుంది.

ఇక డిక్షనరీ తీయక తప్పలేదు. టెనేషియస్‌కి మూలం లాటిన్‌లో 'టెనేరే', పట్టుకోవడం అని, అంటే మన పట్టుదల దానికి అచ్చంగా సరిపోయింది. పట్టుదలకే వాడే ఇంకో మాట పర్సిస్టెంట్‌లో ఉన్నది నిలబడటం. అసిడ్యువస్‌లో మాత్రం 'అద్' అంటే దగ్గర, 'సెదేరే' అంటే కూర్చోవడం, రెండూ కలిసినప్పుడు ద కాస్తా స అయిపోయి 'అస్సిదేరే' అయింది. పక్కన కూర్చోవడం, అంతే! రోగి మంచం పక్కన కూర్చుని చూసుకోవడానికీ, న్యాయమూర్తి పక్కన సాయంగా కూర్చోవడానికీ ఆ మాటే వాడేవాళ్లట. పన్ను లెక్కగట్టే అసెసర్ కూడా అందులోంచి వచ్చినవాడే (వాడు కూర్చుంటే మనం లేవాల్సిందే, అది వేరే సంగతి).

మనకేమో కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. కూర్చోవడమంటే సోమరితనమనే అనుకుంటాం గానీ, సంస్కృతంలో 'సద్' అనే ధాతువు ఈ సెదేరేకి చుట్టమే, సదస్సు దాన్నించి వచ్చిందే, ఉపనిషత్తు అన్నా గురువు దగ్గర కూర్చోవడమే కదా. ఇన్నాళ్లూ ఈ రెండింటినీ కలిపి చూడాలని నాకు తట్టనే లేదు.

ఇదంతా పాపకి చెబుతుంటే అమ్మ పక్కనే చింతపండు గింజలు తీస్తోంది. ఆమెకి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు, అయినా పరీక్ష తేదీ వచ్చినప్పట్నుంచి రోజూ పాప చదువుకునేటప్పుడు ఏదో ఒక పని ముందేసుకుని అక్కడే కూర్చుంటోంది. మోకాళ్ల నొప్పులు పెట్టుకుని కింద ఎందుకమ్మా, మంచం మీద నడుం వాల్చొచ్చు కదా అన్నా.

"నేను లేస్తే అదీ లేస్తాది అబ్బయా."

పాప మూతి తిప్పింది. కాసేపటికి చేపల పులుసు అడుగంటుతుందేమోనని అమ్మ వంటింట్లోకి పోయింది. రెండు నిమిషాలు కూడా కాలేదు, పాప చేతిలో ఫోన్.