గేటు దగ్గర దొరికిపోయాం

పోయిన ఆదివారం తిరుపతిలో ఫస్ట్ షోకి నలుగురం బయల్దేరాం. టికెట్లు నేనే ఫోన్లో బుక్ చేశాను. మధ్యలో ఏదో హెచ్చరిక వచ్చింది, 'ఏ' సర్టిఫికెట్, 18 నిండినవాళ్లకే అని. అందరూ చేసేదే నేనూ చేశాను, చదవకుండా 'సరే' నొక్కేశాను.

గేటు దగ్గర కుర్రాడు ముందు ఆపింది మా అమ్మాయిని. డిగ్రీ రెండో ఏడు, 19 ఏళ్లు, మనిషి మాత్రం పిట్టంత. డిజిలాకర్‌లో ఆధార్ చూపించేదాకా వదల్లేదు. మావాడేమో నాకంటే నాలుగు వేళ్లు పొడుగు, నూగు మీసం, దర్జాగా లోపలికి అడుగేశాడు. సరిగ్గా అప్పుడే మా ఆవిడ "రేపు టెన్త్ స్లిప్ టెస్టుందిరా, గుర్తుందా?" అంది.

"టెన్తా? పంపేకి కాదు సార్."

"నేను పక్కనే ఉంటా కదప్పా."

"యూఏ అయితే మీ ఇష్టం సార్. ఇది 'ఏ'. పంపితే మా మీదికొస్తాది."

మేనేజర్‌ని అడిగితే డబ్బు వెనక్కి రాదన్నాడు. ఆడవాళ్లిద్దరినీ లోపలికి పంపి, మేమిద్దరం బండి దగ్గర ఎర్రకారం దోసె తిన్నాం.

"పెద్దోళ్ల సినిమా అని ఎవరు చెప్పారు నాన్నా?" అన్నాడు వాడు. సెన్సార్ వాళ్లు అన్నాను. 1983లోనే ఆ బోర్డు పేరులో సెన్సార్ తీసేసి సర్టిఫికేషన్ అని పెట్టారు గానీ, మన నోట్లోంచి పోలేదు. అక్కడే కూర్చుని ఫోన్లో వెతికాం. దేశంలో తొమ్మిది ప్రాంతీయ ఆఫీసులు, మనకు దగ్గర్లో చెన్నై, బెంగళూరు. ఒక కమిటీ కూర్చుని సినిమా చూస్తుంది. ఫలానా సీన్లు తీసేస్తే యూఏ ఇస్తామంటే, తీసేయాలో వద్దో నిర్మాత తేల్చుకోవాలి. టీవీకి అమ్ముకోవాలన్నా 'ఏ' పనికిరాదు. అంటే మావాడు చూడొచ్చా లేదా అన్నది సగం నిర్మాత లెక్కల్లోనే తేలిపోతుందన్నమాట!

యూఏని 7+, 13+, 16+ అని విడగొట్టింది 2023 చట్ట సవరణ. అది మంచి పని. అంతకుముందు 12 ఏళ్లు దాటితే అందరూ ఒకటే. యూఏలో తండ్రి మాట చెల్లుతుంది, 'ఏ'లో చెల్లదు. గేటు దగ్గర నాకు చిర్రెత్తింది దానికే. కానీ హెచ్చరిక కూడా చదవకుండా నొక్కినవాణ్ణి, నా చేతికే వదిలేస్తే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. నా గొడవల్లా ఆ ఒక్క అక్షరంతోనే. రక్తమా, బూతులా, ఇంకేమైనానా, పోస్టర్ మీద చెప్పరు. ఓటీటీలో రేటింగ్ ఆ కంపెనీయే వేసుకుంటుంది, అయినా ఎందుకు వేశారో ఒక మూల రాస్తారు.

షో వదిలాక అడిగాను, ఏముందని 'ఏ' ఇచ్చారని.

"నరుక్కోవడమే" అంది మా ఆవిడ.

"అది కాదు నాన్నా, ఆ విలన్ ఆ పిల్లని ఏడిపించే సీను. నేనే తల తిప్పుకున్నా" అంది అమ్మాయి.

ఒకే సినిమా, పక్కపక్క సీట్లు.

"నెల ఆగితే ఓటీటీలో వస్తాది లే" అన్నాడు మావాడు. ఇంటికెళ్లగానే టీవీకి పిన్ పెడదామని కూర్చున్నా. సెట్టింగ్స్ ఎక్కడున్నాయో అరగంటైనా దొరకలేదు. చివరికి వాడే వచ్చి పెట్టించాడు.