కార్డు వెతికే ముందు మీ ఖర్చు చిట్టా తీయండి

క్రెడిట్ కార్డు తీసుకుందామనుకోగానే చాలామంది ముందు ఆఫర్లు చూస్తారు. అంతకంటే ముందు చూడాల్సింది మీ బ్యాంకు స్టేట్‌మెంటు. గడిచిన మూడు నెలలది తీసి, ప్రతి ఖర్చునీ ఏదో ఒక పద్దు కింద వేయండి: ఇంటి సరుకులు, ఇంధనం, ఆన్‌లైన్ కొనుగోళ్లు, కరెంటు-ఫోన్ బిల్లులు, ప్రయాణాలు, అద్దె, బయట భోజనం. పెళ్లి, ఆసుపత్రి ఖర్చు లాంటివి పక్కన పెట్టేయండి, అవి ప్రతి నెలా వచ్చేవి కావు. ఒక గంట పని. ఇది చేయకుండా తీసుకున్న కార్డు కలిసొచ్చిందంటే అది అదృష్టమే.

ఈ లెక్క తేలాక మీకు మీరే నిజాయితీగా చెప్పుకోవాల్సిన జవాబు ఒకటుంది. ప్రతి నెలా బిల్లు మొత్తం గడువులోగా కట్టేస్తారా? గత ఏడాదిలో ఒకటి రెండు నెలలైనా కొంత మిగిల్చి ఉంటే రివార్డుల (ఖర్చు మీద తిరిగొచ్చే పాయింట్లు, క్యాష్‌బ్యాక్) గురించి చదవడం అక్కడితో ఆపేయండి. మీకు కావలసింది వడ్డీ తక్కువ ఉన్న కార్డు. అది దొరక్కపోతే డెబిట్ కార్డే మేలు.

ఎందుకో అంకెల్లో చూడండి. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుందాం, అంటే ఏడాదికి 42 శాతం. జూన్ 5న 30,000 రూపాయలు పెట్టి ఏదో కొన్నారు. బిల్లు 20న తయారైంది, గడువు జులై 10. ఆ రోజు 29,000 కట్టి వెయ్యి మిగిల్చారు. వడ్డీ ఆ వెయ్యి మీదే పడుతుందని అనుకుంటాం కదా? చాలా కార్డుల్లో అలా ఉండదు. మొత్తం కట్టకపోతే వడ్డీ లేని గడువు రద్దయిపోయి, 30,000 మీదా కొన్న రోజు నుంచే లెక్క మొదలవుతుంది. 35 రోజులకు సుమారు 1,208. వెయ్యి బాకీకి పన్నెండు వందల వడ్డీ! పైగా బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్న వాటికీ ఆ గడువు దొరకదు. బిల్లులో కనిపించే 'మినిమమ్ డ్యూ' (కనీసం కట్టాల్సిన మొత్తం) కట్టినా జరిగేది ఇదే. అది ఆలస్య రుసుము పడకుండా ఆపుతుంది తప్ప వడ్డీని ఆపదు. అందుకే కార్డు చేతికొచ్చిన రోజే బ్యాంకు ఖాతా నుంచి ఆటో పే పెట్టుకోండి. పెట్టేటప్పుడు 'మొత్తం బాకీ' ఎంచుకున్నారో లేదో రెండోసారి చూసుకోండి, కొన్నిచోట్ల ముందుగా టిక్ పెట్టి ఉండేది మినిమమ్ డ్యూకే.

మొత్తం కట్టేవాళ్లయితే ఇక రివార్డుల సంగతి. పాయింట్లను పాయింట్లుగా చూడకండి, శాతంలోకి మార్చండి. 'ప్రతి 150 రూపాయలకు 4 పాయింట్లు' అంటే వినడానికి బాగుంటుంది. ఆ పాయింటును బిల్లులో తగ్గించుకుంటే దాని విలువ 0.25 రూపాయలు అనుకోండి. 4 పాయింట్లకు 1 రూపాయి వస్తుంది, 150కి 1 అంటే 0.67 శాతం. అదే పాయింటును విమాన టికెట్టుకు వాడితే విలువ 1 అయ్యే కార్డుల్లో ఈ రాబడి 2.67 శాతానికి చేరుతుంది. విమానం ఎక్కని వాళ్లకు ఆ రెండో అంకెతో పనేముంది? మీరు నిజంగా వాడుకునే దారిలో పాయింటు విలువెంతో, దానితోనే గుణించండి. మరో చిన్న తిరకాసు: 150కి లెక్క అన్నచోట ఒక్కో బిల్లును విడిగా చూసే కార్డుల్లో 140 ఖర్చుకు సున్నా, 290 ఖర్చుకు 4 పాయింట్లే. చిన్న చిన్న బిల్లులు ఎక్కువగా ఉండేవాళ్లకు రాబడి కాగితం మీద కంటే తగ్గుతుంది. వాళ్లకు నేరుగా క్యాష్‌బ్యాక్ ఇచ్చే కార్డే నయం.

ఇప్పుడు రెండు కార్డులు పక్కపక్కన పెడదాం. నెల ఖర్చు 40,000, అందులో ఇంధనం 4,000. ఇంధనానికి రెండు కార్డులూ రివార్డు ఇవ్వవు. మొదటి కార్డు మిగతా అన్నిటికీ 1.5 శాతం ఇస్తుంది, వార్షిక రుసుము 1,000. నెలకు 540 చొప్పున ఏడాదికి 6,480, రుసుము పోగా 5,480 మిగులుతుంది. రెండో కార్డు ఒకే ఒక్క ఆన్‌లైన్ దుకాణంలో 5 శాతం, మిగతాచోట్ల 1 శాతం ఇస్తుంది, రుసుము 500. ఆ దుకాణంలో నెలకు 9,000 కొంటే ఏడాదికి చేతికి మిగిలేది 8,140. అక్కడ కొనేది 3,000 మాత్రమే అయితే 5,260, అంటే మొదటి కార్డే గెలుస్తుంది. ఈ రెండింటి మధ్య గీత దాదాపు 3,460 దగ్గర ఉంది. ఇలాంటి గీత ఎక్కడుందో తెలిస్తే చాలు, ప్రకటనలో పెద్దగా కనిపించే 5 మిమ్మల్ని లాగలేదు. దానికి నెలవారీ పరిమితి ఉందేమో కూడా చూడండి: 5 శాతం కింద వచ్చే రివార్డుకు నెలకు పరిమితి 300 అయితే 6,000 దాటిన కొనుగోలుకు ఆ 5 శాతం వర్తించదు.

ఏ ఖర్చు ఏ పద్దులో పడుతుందో తేల్చేది దుకాణం బోర్డు కాదు, చెల్లింపు యంత్రానికి కేటాయించిన నాలుగంకెల మర్చంట్ కేటగిరీ కోడ్. సూపర్‌మార్కెట్‌కు 5411, రెస్టారెంట్‌కు 5812, పెట్రోలు బంకుకు 5541. బట్టలతో పాటు సరుకులూ అమ్మే పెద్ద దుకాణానికి డిపార్ట్‌మెంట్ స్టోర్ కోడ్ 5311 ఉందనుకోండి, అక్కడ బియ్యం కొన్నా సరుకుల రివార్డు రాదు. బస చేసే హోటల్లో తిన్న బిల్లు బస కింద నమోదవడం, ఫోన్ వాలెట్ ద్వారా కట్టింది వాలెట్ లోడ్‌గా (వాలెట్‌లో డబ్బు వేసుకున్నట్టుగా) కనిపించడం కూడా మామూలే. 'నాకు పాయింట్లు రాలేదు' అనే ఫిర్యాదుల వెనక తరచుగా ఉండేది ఇదే. కాబట్టి మీరు ఎక్కువగా వెళ్లే రెండు మూడు చోట్ల ముందు చిన్న మొత్తం కట్టి, తర్వాతి బిల్లులో ఎలా పడిందో చూసుకోండి. అద్దె, ఇంధనం, బీమా, పన్నులు, వాలెట్ లోడ్, ఈఎంఐ చాలా కార్డుల మినహాయింపుల జాబితాలో ఉంటాయి. మీ ఖర్చులో సగం వీటిలోనే ఉంటే రుసుము లేని మామూలు కార్డు సరిపోతుంది.

రుసుము మాఫీకి ఏడాదిలో ఇంత ఖర్చు పెట్టాలని షరతు ఉంటే, మాఫీ లెక్కలోకి రాని ఖర్చులేవో విడిగా చదవండి. రివార్డు రాని పద్దులు తరచుగా అక్కడా లెక్కకు రావు. ఆ మొత్తం అందుకోవడానికి అవసరం లేనివి కొంటే మాఫీ అయిన రుసుము కంటే ఎక్కువే జేబులోంచి పోతుంది. కొత్త కార్డు మీద మొదట్లో ఇంత ఖర్చు పెడితే ఇస్తామనే ప్రారంభ బోనస్‌దీ ఇదే కథ.

విదేశీ కరెన్సీలో కొనేవాళ్లు ఫారెక్స్ మార్కప్, అంటే కరెన్సీ మార్చినందుకు కార్డు అదనంగా వేసే రుసుము, చూడాలి. అది 3 శాతం దాకా ఉంటే 1 శాతం రివార్డు ఏ మూలకు? విదేశంలో స్వైప్ చేసినప్పుడు యంత్రం 'మీ కరెన్సీలో కడతారా' అని అడిగితే వద్దని చెప్పి, అక్కడి కరెన్సీలోనే కట్టండి. లేదంటే మారకం రేటు ఆ దుకాణం వైపు నుంచి నిర్ణయమవుతుంది, అది చాలాసార్లు ఎక్కువే పడుతుంది. ఏటీఎంలో నగదు మాత్రం ఏ క్రెడిట్ కార్డుతోనూ తీయొద్దు, రుసుము వేరే, వడ్డీ సాధారణంగా తీసిన రోజు నుంచే.

ఒకేసారి నాలుగైదు కార్డులకు దరఖాస్తు పెట్టొద్దు. ప్రతి దరఖాస్తుకూ మీ క్రెడిట్ రిపోర్టు (అప్పులు, చెల్లింపుల చరిత్ర) పరిశీలిస్తారు, ఆ పరిశీలనలన్నీ నమోదవుతాయి. కార్డు మీద వాడుకోగల గరిష్ఠ మొత్తం, అంటే లిమిట్‌లో 30 శాతం దాటకుండా వాడితే క్రెడిట్ స్కోరుకు మంచిది. 1,00,000 లిమిట్ ఉండి నెలకు 40,000 వాడేవాళ్లు బిల్లు తయారయ్యే తేదీకి ముందే పది పదిహేను వేలు కట్టేస్తే రిపోర్టులో తక్కువ వాడకం కనిపిస్తుంది.

వార్షిక రుసుము పడే తేదీకి నెల ముందు ఫోన్లో గుర్తు పెట్టుకుని, ఏడాదిలో వచ్చిన రివార్డునూ రుసుమునూ పోల్చండి. రివార్డు తక్కువ తేలితే కార్డు రద్దుకు ముందు రుసుము లేని రకానికి మారుస్తారేమో అడగండి, అలా మారితే పాత ఖాతా వయసు నిలబడే అవకాశం ఉంటుంది. మార్చనంటే పాయింట్లన్నీ వాడేసుకుని, దానిమీద నడుస్తున్న ఆటో చెల్లింపులను వేరే కార్డుకు మార్చి, బాకీ సున్నా చేసి, అప్పుడు మూసేయమని రాతపూర్వకంగా అడగండి.