గాలివానల ఊళ్లో ఇంటి సర్వరు

శ్రీకాకుళంలో మా ఇంటి టీవీ బల్ల కింద, పగిలిన తెరను విప్పేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి మూడేళ్లుగా రాత్రింబవళ్లు నడుస్తోంది. ఇంటిల్లిపాది ఫొటోలు, నాన్నగారి పింఛను కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే ఉంటాయి.

మొదట రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు కొని, మెమరీ కార్డు మీదే ఆపరేటింగ్ సిస్టమునూ ఫొటోల డేటాబేసునూ నడిపాను. ఒక వేసవి సాయంత్రం ఈదురుగాలికి గంటలో ఏడెనిమిదిసార్లు కరెంటు పోయి వచ్చింది. చీకటిపడేసరికి కార్డు చదవడానికే వీలులేకుండా పోయింది. కార్డు రాత పూర్తిచేసేలోపు కరెంటు పోతే అప్పుడు రాస్తున్న ఫైలే కాక, అంతకుముందు భద్రంగా ఉన్నవి కూడా చెడవచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఫొటోలు ఇంకా ఫోన్లలో ఉండబట్టి దక్కాయి.

ల్యాప్‌టాప్‌కు మారడానికి అసలు కారణం దాని బ్యాటరీ. ఎప్పుడూ నిండుగా ఉంటే ఉబ్బిపోతుందని ఛార్జింగును 80 శాతం దగ్గర ఆపేశాను. బ్యాటరీ 30 శాతానికి దిగితే యంత్రం తనంతట తానే పద్ధతిగా ఆగిపోయేలా చిన్న స్క్రిప్టు రాశాను. పని లేనప్పుడు అది లాగేది 12 వాట్లు, అంటే నెలకు తొమ్మిది యూనిట్లలోపే. అయితే యంత్రం బతికి ఉన్నా ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ పెట్టె ఆరిపోతే బయటివాళ్లకు సర్వరు లేనట్టే కనుక, దానికి 12 వోల్టుల చిన్న యూపీఎస్ విడిగా పెట్టాల్సివచ్చింది.

రెండు వారాలు నిద్ర చెడగొట్టింది మాత్రం ఇంటర్నెట్ చిరునామా. రౌటరులో పోర్టు, అంటే బయటి పిలుపులు లోపలికి వచ్చే ద్వారం, ఎన్నిసార్లు తెరిచినా బయటినుంచి ఇంటి సర్వరు అందలేదు. చివరికి రౌటరుకు వచ్చిన చిరునామా 100.64తో మొదలవుతోందని గమనించాను. ఇంటర్నెట్ కంపెనీ ఒకే బహిరంగ చిరునామాను అనేక ఇళ్లకు పంచేటప్పుడు వాడుకోవడానికి 2012లో ప్రత్యేకించిన వరుస అది. బయటినుంచి వచ్చిన పిలుపును ఏ ఇంటికి పంపాలో ఆ కంపెనీ యంత్రానికి తెలియదు కాబట్టి, మన గుమ్మం తెరిచిపెట్టుకున్నా వీధి గేటు మూసే ఉంటుంది. అందుచేత ఇంటి యంత్రమే ముందుగా బయటకు పలకరించాలి. అద్దెకు తీసుకున్న ఒక చిన్న సర్వరుకు వైర్‌గార్డ్ అనే ప్రోగ్రామ్ ద్వారా సొరంగంలాంటి గుప్తమైన దారి వేసి, ప్రతి 25 సెకన్లకు ఒక ప్యాకెట్ పంపేలా పెట్టాను. బయటి పిలుపులు ఇంటికి వచ్చే ఆ దారి మళ్లీ మూసుకుపోలేదు.

ఇక తుపాను సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభాలూ కూలిపోయి, ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంతటి గాలి ముందు నా చిన్న యూపీఎస్ ఏపాటిది? రెండో ప్రతిని పక్క గదిలో ఉంచుకోవడం కూడా ఇక్కడ బ్యాకప్ అనిపించుకోదు. అందుకే ప్రతి రాత్రీ రెండు గంటలకు రెస్టిక్ అనే ప్రోగ్రామ్ కొత్త ఫైళ్లను గుప్తలిపిలోకి మార్చి, హైదరాబాదులో మా అక్క ఇంట్లో ఉన్న డిస్కుకు పంపుతుంది.

పోయిన నెల అక్క ఇంటికి వెళ్లినప్పుడు పరీక్షగా అమ్మానాన్నల పెళ్లి ఫొటోలను ఆ డిస్కునుంచి వెనక్కి తీయబోయాను. పాస్‌వర్డ్ అడిగింది. అది లేకపోతే ఆ డిస్కులోనిది ఎవరూ తెరవలేరు. నేను దాన్ని రాసిపెట్టుకున్నది శ్రీకాకుళంలో, ఆ ల్యాప్‌టాప్‌లోనే. సొరంగం పనిచేస్తూ ఉంది కనుక అక్కడినుంచే చూసి ఫొటోలు తీశాను. వెంటనే పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, అక్క బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టించాను.