పీఎఫ్‌లో పేర్లు సరిచేయడానికే మూడు నెలలు: జీడి ఫ్యాక్టరీలో నా అనుభవం

పీలింగ్, కటింగ్ సెక్షన్ల ఆడవాళ్ళు ఏడాది తిరక్కుండానే ఫ్యాక్టరీ మారిపోతున్నారనీ, వాళ్ళకి పని మీద మనసు నిలిచేలా ఏదైనా చెయ్యమనీ హెడ్డాఫీసు చెప్పింది. ఫోన్‌లో నింపే సర్వే ఒకటి పంపింది. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో. ఇచ్ఛాపురం దాటి గిరిసోల వైపు మా యూనిట్‌లో ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. సూపర్‌వైజర్ పక్కన నిలబడి నింపిస్తే అందరి దగ్గర్నుంచీ అయిదుకి అయిదు మార్కులు వచ్చాయి. ఆ సర్వే మీద ఒక్క రోజు కూడా ఖర్చు పెట్టకండి.

సులువైనవి వారంలో అయిపోయాయి. తూకం కాటా అంకెలు కూలీకి కనపడేలా తిప్పాం. గుండుకెంత, బద్దకెంత, నూకకెంత అని రెండు భాషల్లో బోర్డు రాయించాం. పిక్కలు కోసేవాళ్ళకి జీడినూనె చేతులు కాల్చకుండా ఆముదం, గ్లౌజులు పొద్దున్నే ఇస్తున్నాం.

మిగిలింది పీఎఫ్. "బాబూ, నెలనెలా కోస్తున్నారు, ఆ డబ్బు మాదేనా?" అని ఒకామె అందరి ముందు అడిగింది. పాస్‌బుక్ తెరిచి చూపిద్దామంటే ఆమె ఆధార్ పీఎఫ్‌కి జతే కాలేదు. ఆ రోజు తల ఎత్తలేకపోయాను. వరసపెట్టి చూస్తే సగానికి పైగా అదే బాపతు.

కారణం పేర్లే. మనకి ఇంటిపేరు ముందు, ఒడియావాళ్ళకి వెనక. ఆధార్ తీసినవాడు ఒకలా కొట్టాడు, పాత లేబర్ కాంట్రాక్టరు గుమాస్తా ఇంకోలా కొట్టాడు. లక్ష్మి అనే పేరు ఒకచోట ఎక్స్‌తో, ఇంకోచోట కె, ఎస్, హెచ్‌లతో ఉంటుంది. పుట్టినతేదీ తెలియనివాళ్ళందరికీ జనవరి 1 వేసేశారు. ఆధార్ జిరాక్స్‌లు కట్టగట్టి కాంట్రాక్టరు చేతికి ఇవ్వకండి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, కార్డు చూస్తూ ఒక్కో అక్షరం చదివి కొట్టాలి.

దిద్దేటప్పుడు ఆధార్‌నే అసలుగా పెట్టుకోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మారుతుంది, పుట్టినతేదీ ఒక్కసారే. గుమాస్తా తప్పు కోసం ఆ అవకాశం పాడుచేయకండి, పీఎఫ్‌నే మార్పించండి. 2025 జనవరి నుంచి ఇది తేలికైంది. ఆధార్‌తో ధృవీకరించిన యూఏఎన్ (ఎన్ని ఫ్యాక్టరీలు మారినా మనిషికి ఒకటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు) 2017 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చిందైతే ఆమే పీఎఫ్ పోర్టల్‌లో మార్చుకోవచ్చు. అంతకుముందుదైతే యజమాని ఆమోదించాలి. ఆధార్ అసలు జతకాని యూఏఎన్‌కి మాత్రం అప్పట్లో జాయింట్ డిక్లరేషన్ (కూలీ, యజమాని ఇద్దరూ సంతకం పెట్టే దిద్దుబాటు దరఖాస్తు) కాగితం మీద నింపి ఇవ్వాల్సి వచ్చేది. మా తిప్పలన్నీ అక్కడే.

ఆ తర్వాత ఓటీపీ. ఆధార్‌కి ఉన్న నంబరు మొగుడిది, ఆయన సూరత్ మిల్లులో నైట్ షిఫ్ట్‌లో ఉంటాడు. ఓటీపీ అడిగేలోపు గడువు అయిపోతుంది. అప్పట్లో నంబరు మార్చాలంటే ఆధార్ కేంద్రానికి వెళ్ళి వేలిముద్ర వెయ్యాల్సి వచ్చేది. పిక్కలు కోసేవాళ్ళ వేళ్ళు జీడినూనెకి తోలు ఊడి గీతలు అరిగిపోయి ఉంటాయి, మెషీన్ ఒప్పుకోదు. రెండు ట్రిప్పులు ఆటో డబ్బులు దండగయ్యాక తెలిసింది: కంటిపాప తీసే మెషీన్ పనిచేస్తోందో లేదో ముందే అడిగి తీసుకెళ్ళాలి. ఆ రోజు కూలీ కూడా ఫ్యాక్టరీయే ఇవ్వాలి. మన రికార్డు తప్పుకి వాళ్ళ రోజు ఎందుకు పోవాలి?

పలాస వైపు పనిచేసి వచ్చినవాళ్ళకి రెండు యూఏఎన్‌లు ఉన్నాయి, ఎందుకంటే చేరేటప్పుడు పాతది ఎవరూ అడగలేదు. పాత యజమాని మానేసిన తేదీ వెయ్యకపోతే, చివరి చందా పడ్డ నెల తర్వాత రెండు నెలలు ఆగి ఆమే ఓటీపీతో వేసుకోవచ్చు. ఆ తర్వాత పాత ఖాతాను కొత్తదానికి ట్రాన్స్‌ఫర్ పెట్టాలి. ఇది వదిలేస్తే చాలా నష్టం. పెన్షన్‌కి 10 ఏళ్ళ సర్వీసు కావాలి. అక్కడ 6, ఇక్కడ 4 కలిస్తేనే 10. విడివిడిగా ఉంటే నెలకి కనీస పెన్షన్ 1,000 రూపాయలు కూడా రాదు.

పాస్‌బుక్ తెరుచుకున్న రోజే ఇంకో గొడవ. "మాది 1,200 కోశారు, యజమానిది 367 అనే ఉంది, మిగతాది తినేశాడు" అన్నారు. 10,000 జీతం మీద యజమానీ 1,200 కడతాడు, కానీ అందులో 833 పెన్షన్ గడిలోకి వెళ్తుంది. ఇది నోటితో చెప్తే ఎవరూ నమ్మలేదు. ఒక పాస్‌బుక్ పేజీలో పేరు చెరిపేసి, పెద్దగా ప్రింటు తీసి, మూడు గడులకీ తెలుగులో పేర్లు రాసి టైమ్ ఆఫీసు గోడకి అంటించాక మాట తగ్గింది. చందా కట్టే గడువు మరుసటి నెల 15. అందుకని 20 దాటాక ఒక పూట పాస్‌బుక్ చూపించడానికే పెట్టాం. చిన్న ఫోన్ ఉన్నవాళ్ళు పీఎఫ్‌లో ఇచ్చిన నంబరు నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే చాలు, కేవైసీ సరిగ్గా ఉంటే నిల్వ మెసేజ్ వస్తుంది.

నామినేషన్ కూడా అప్పుడే చేయించేయండి. దానికి పోర్టల్‌లో ఆమె ఫొటో, నామినీ ఆధార్ కావాలి. పనిలో ఉండగా మనిషి పోతే బీమా గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. నామినీ లేక తిరిగే కుటుంబాల్ని చూసినవాళ్ళెవరూ దీన్ని వాయిదా వెయ్యరు.

పండగ బోనస్ పెంచినప్పుడు కూడా ఇంతమంది నిలవలేదు. వెళ్ళిపోయిన ఇద్దరు తిరిగొచ్చి, చేరుతూనే పాత యూఏఎన్ రాసిన చీటీ చేతిలో పెట్టారు.

ఇంకా నలుగురివి మిగిలాయి. వాళ్ళ పాత ఫ్యాక్టరీ మూతపడింది, సంతకం పెట్టే యజమాని లేడు. డిక్లరేషన్ మీద గెజిటెడ్ అధికారి సంతకం చేయించి ఇవ్వాలి. సోమవారం నలుగురినీ వెంటబెట్టుకుని వెళ్తున్నాను.