పెరుగన్నం మీద ప్రసంగం

"అది అన్నం కాదమ్మా, విషం!"

రైలు కాజీపేట దాటింది. పక్క సీటు పెద్దావిడ పెరుగన్నం బాక్సు తెరిచింది, అంతే. ఎదురు సీటాయన మొదలెట్టాడు. బియ్యం తింటే షుగర్, కొర్రలు తింటే నూరేళ్లు, ఈ జనం మారరు, చెప్తే వినరు. మహబూబాబాద్ వచ్చేసరికి కొర్రల నుంచి అమెరికాలో ఉన్న కొడుకు మీదికి వెళ్లాడు. వాడూ వినడట.

ఆవిడ ముద్ద మింగి నెమ్మదిగా అంది: "మా చిన్నప్పుడు జొన్న గట్కనే బిడ్డా. బియ్యం బువ్వ పండుగకే."

నేనైతే అక్కడ ఆగి వినేవాణ్ని. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక కదా చాలా పేద ఇళ్లలో రోజూ అన్నం ఉడికింది. ఆయన మాత్రం "అదే చెప్తున్నా!" అని గొంతు ఇంకా పెంచాడు.

చెప్పిందంతా తప్పని కాదు. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువే. 2023ని ఐక్యరాజ్యసమితే చిరుధాన్యాల సంవత్సరం అంది. కానీ ముద్ద నోటి దగ్గర ఉండగా అరిచి చెప్పే ఆరోగ్యం ఎవరి కోసం? అందులో సగం తిట్లు కొడుక్కి చేరాల్సినవని నా అనుమానం.

ఆవిడ బాక్సు ఖాళీ చేసి, ఆయనకో అరటిపండు ఇచ్చింది. తీసుకున్నాడు. షుగర్ మాటే ఎత్తలేదు!

ఖమ్మంలో దిగబోతూ, వీడియోలు పంపుతా నంబర్ చెప్పమని నన్ను పట్టుకున్నాడు. ఫోన్‌లో బ్యాలెన్స్ లేదన్నా. వాట్సాప్‌కి బ్యాలెన్స్ ఎందుకని మళ్లీ అందుకున్నాడు.